డాబా మీద హైడ్రోపోనిక్స్: ఏ మొక్కకు ఎంత డబ్బా, ఎంత ఎడం?

హైడ్రోపోనిక్స్ అంటే మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచడం. ఫొటో పెట్టి "ఈ టబ్బులో ఎన్ని మొక్కలు పెట్టొచ్చు?" అని అడిగేవాళ్లు నాకు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పోషకాల గురించి కూడా ఇన్నిసార్లు అడగరు. నారు వేలెడంత ఉన్నప్పుడు మూత మీద ఎటు చూసినా ఖాళీయే కనిపిస్తుంది, అదంతా నింపేయాలనిపిస్తుంది.

నేను మొదటిసారి చేసిందీ అదే. 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు ఉన్న టబ్బు మూతకు 15 రంధ్రాలు కొట్టి 15 లెట్యూస్ మొక్కలు పెట్టాను. మూడు వారాలు ముచ్చటగా పెరిగాయి. ఐదో వారానికి నడిమి మొక్కలు వెలుతురు కోసం సన్నగా పైకి సాగాయి, కింది ఆకులు తడిసి కుళ్లాయి. నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి టబ్బు అడుగు కనిపించింది. పోషకంలో లోపమనుకుని మందు మార్చాను. లోపం మందులో లేదు, నా లెక్కలో ఉంది.

డబ్బా సైజైనా ఎడమైనా, నారును చూసి నిర్ణయించకూడదు. కోత రోజున మొక్క ఎంత ఉంటుందో, ఆ వారంలో ఎన్ని నీళ్లు తాగుతుందో దాన్ని బట్టి నిర్ణయించాలి. కింద చెప్పేదంతా దాని కోసమే.

1. కొనేముందు తేల్చుకోవాల్సినవి

బజారుకు వెళ్లి టబ్బు చూసి తర్వాత మొక్క గురించి ఆలోచిస్తే అంతా తలకిందులవుతుంది. ముందు ఈ నాలుగింటికి జవాబు కాగితం మీద రాసుకోండి.

☐ ఏ పంట? ఆకుకూరా, కాయకూరా?
☐ ఏ పద్ధతి? నిలవ నీరా, నీటిలోకి గాలి ఊదే ఎయిర్ పంపా, పైపుల్లో పారే నీరా?
☐ ఏ నెలలో వేస్తున్నారు? నవంబరులో పెట్టిన లెట్యూస్ తాగే నీళ్లు వేరు, ఏప్రిల్‌లో తోటకూర తాగే నీళ్లు వేరు.
☐ ఇంట్లో ఎవరూ చూడకుండా ఎన్ని రోజులు ఉండొచ్చు? పండక్కి ఊరెళ్లే రోజులు కూడా లెక్కలోకి తీసుకోండి.

కొత్తవాళ్లు నిలవ నీటి పద్ధతితో మొదలుపెట్టడం మేలు. డబ్బా ఒకసారి నింపి, మూత రంధ్రంలో మొక్క పెట్టి వదిలేయడమే ఇది. దీన్నే క్రాట్కీ పద్ధతి అంటారు. కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. కానీ ఈ పద్ధతిలో డబ్బా సైజు తప్పితే సరిదిద్దుకునే అవకాశం తక్కువ. అందుకే లెక్కలన్నీ దీన్నే దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

2. మొదటి లెక్క: మొక్కకు ఎన్ని లీటర్లు

నారు పెట్టిన రోజు నుంచి కోత దాకా ఒక లెట్యూస్ మొక్క సుమారు 4 లీటర్ల నీళ్లు తీసుకుంటుంది. 4 లీటర్ల డబ్బాలో ఒక మొక్క పెడితే మధ్యలో నీళ్లు పోయకుండానే కోతకు వస్తుంది. 2 లీటర్ల సీసాలో పెట్టినా పెరుగుతుంది, కాకపోతే చివరి రెండు వారాలు మీరు దానికి కాపలా ఉండాలి.

కాయకూరల సంగతి వేరు. కాపు మీదున్న టమాటా మొక్క ఎండాకాలంలో రోజుకు 2 నుంచి 3 లీటర్లు తాగుతుంది. 20 లీటర్ల బకెట్ పెట్టినా వారం రోజులే. కాబట్టి కాయకూరలకు ఒకసారి నింపి వదిలేసే పద్ధతి కుదరదు. బకెట్ పెద్దదైతే మీరు ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలో మారుతుంది, అంతే.

మన ఎండలకు నేను వాడే అంకెలు ఇవి (నెట్ పాట్ అంటే మూత రంధ్రంలో కూర్చునే, చిల్లులున్న చిన్న కుండీ):

- మెంతి, కొత్తిమీర: ఒక నెట్ పాట్ గుబురుకు 1 లీటరు
- పాలకూర, తోటకూర: ఒక్కో నెట్ పాట్‌కు 2 లీటర్లు
- లెట్యూస్, పుదీనా: 4 లీటర్లు
- గోంగూర: 5 లీటర్లు
- తీగబచ్చలి: 8 నుంచి 10 లీటర్లు
- మిరప: 10 నుంచి 12 లీటర్లు
- టమాటా, కీరదోస: 15 నుంచి 20 లీటర్లు
- వంగ: 20 లీటర్లు

తక్కువ నీళ్లలో పెడితే మొక్క దాహంతో వాడడం ఒక్కటే సమస్య కాదు. పోషక ద్రావణం ఘాటెక్కుతుంది. వేడి రోజుల్లో మొక్క లవణాల కంటే నీటినే ఎక్కువ లాగుతుంది. 5 లీటర్ల డబ్బాలో ఈసీ (నీటిలో కరిగిన ఉప్పుల ఘాటు చెప్పే అంకె) 1.6 తో మొదలుపెట్టారనుకోండి. ఉప్పులు అలాగే ఉండి 2 లీటర్లు తగ్గితే ఈసీ 2.6 దాటుతుంది. లెట్యూస్ ఆకుల అంచులు మాడిపోవడానికి అది చాలు. అదే 20 లీటర్ల బకెట్‌లో 2 లీటర్లు తగ్గితే ఈసీ 1.8 దగ్గరే ఆగుతుంది. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) కూడా అంతే: కొద్ది నీళ్లలో పూటకోలా మారుతుంది, ఎక్కువ నీళ్లలో నిదానంగా కదులుతుంది. కొత్తవాళ్లకు పెద్ద డబ్బాయే సులువని నేను చెప్పేది ఇందుకే.

వేడికీ ఇదే మాట. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది 7.5 కి, 35 డిగ్రీలకు 7 కి దిగిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ వేళ్లకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. వేరుకుళ్లు తెచ్చే పిథియం లాంటి సూక్ష్మజీవులు అప్పుడే విజృంభిస్తాయి. మిట్టమధ్యాహ్నం డాబా మీదున్న 2 లీటర్ల సీసాను చేత్తో ముట్టుకుని చూడండి, పక్కనే ఉన్న 40 లీటర్ల టబ్బును ముట్టుకోండి. తేడా మీకే తెలుస్తుంది.

3. లోతు, వెడల్పు

లీటర్లు సరిపోయినంత మాత్రాన ఏ ఆకారమైనా ఫర్వాలేదని కాదు. ఆకుకూరలకు నీటి లోతు 15 నుంచి 20 సెం.మీ. ఉంటే చాలు. కాయకూరలకు 25 నుంచి 30 సెం.మీ. కావాలి.

నిలవ నీటి పద్ధతిలో లోతుకు ఇంకో పని ఉంది. నీళ్లు తగ్గేకొద్దీ మూతకూ నీటికీ మధ్య గాలి సందు పెరుగుతుంది. ఆ సందులో ఉన్న వేళ్లు గాలి పీల్చే వేళ్లుగా మారతాయి. డబ్బా మరీ లోతు తక్కువదైతే ఈ సందుకు చోటుండదు.

కొలిచే పద్ధతి: పొడవు, వెడల్పు, నీటి లోతు మూడూ సెం.మీ.లో గుణించి 1000 తో భాగిస్తే లీటర్లు వస్తాయి. చాలా టబ్బులు అడుగున సన్నబడతాయి కాబట్టి వచ్చిన అంకెలో పదో వంతు పైగా తీసేయండి. నమ్మకం లేకపోతే లీటరు సీసాతో లెక్కపెడుతూ నింపి చూడటం అన్నిటికంటే మంచిది. డబ్బా మీద ముద్రించిన లీటర్లు అంచు దాకా నింపితే పట్టేవని గుర్తుంచుకోండి.

4. రెండో లెక్క: మూత మీద ఎడం

నీళ్ల లెక్క వేళ్ల కోసం, ఎడం ఆకుల కోసం. పోషకం దగ్గరకే వస్తుంది కాబట్టి హైడ్రోపోనిక్స్‌లో వేళ్లు ఒకదానితో ఒకటి పెనవేసుకున్నా పెద్ద నష్టం లేదు. వెలుతురూ గాలీ మాత్రం మట్టిలో మొక్కకు ఎంత కావాలో ఇక్కడా అంతే కావాలి. "హైడ్రోపోనిక్స్ కదా, ఒత్తుగా పెట్టినా ఫర్లేదు" అనే మాట సగమే నిజం.

రంధ్రం మధ్య నుంచి పక్క రంధ్రం మధ్యకు కొలవండి, అంచు నుంచి అంచుకు కాదు.

- మెంతి, కొత్తిమీర: 10 సెం.మీ. ఒక్కో నెట్ పాట్‌లో 8 నుంచి 10 గింజలు గుబురుగా వేయాలి. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి వేయండి.
- పాలకూర: 15 సెం.మీ., నెట్ పాట్‌కు రెండు మూడు మొక్కలు
- తోటకూర: 15 సెం.మీ. పైకొసలు కోస్తూ మళ్లీ చిగురింపజేయాలనుకుంటే 20
- లెట్యూస్: 20 సెం.మీ. లేతగానే కోసేస్తానంటే 15
- పుదీనా: 25 సెం.మీ. దీనికి విడి డబ్బా పెట్టండి, దీని వేళ్లు పక్కవాటిని చుట్టేస్తాయి
- గోంగూర: 25 నుంచి 30 సెం.మీ.
- తీగబచ్చలి: 30 సెం.మీ., పందిరి తప్పనిసరి
- మిరప: 45 సెం.మీ.
- కీరదోస: 45 నుంచి 50 సెం.మీ., తాడు మీద పైకి పాకిస్తేనే
- టమాటా: 50 నుంచి 60 సెం.మీ.
- వంగ: 60 సెం.మీ.

బకెట్లలో పెట్టే కాయకూరలకు మూత మీద ఎడం అనే ప్రశ్నే రాదు, బకెట్‌కు ఒక్క మొక్కే. అక్కడ ఎడమంటే బకెట్‌కూ బకెట్‌కూ మధ్య దూరం. రెండు బకెట్లు ఆనించి పెడితే టమాటా కొమ్మలు కలిసిపోయి లోపల గాలాడదు, తెల్లదోమ చేరితే మీకు కనపడదు. రెండు వరుసల మధ్య మనిషి కూర్చుని ఆకు అడుగు చూసేంత దారి, కనీసం 75 సెం.మీ., వదలండి.

వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆకుకూరల ఎడాన్ని నేను 3 నుంచి 5 సెం.మీ. పెంచుతాను. రెండు మొక్కలు తగ్గుతాయి, ఆకుమచ్చ కూడా తగ్గుతుంది.

5. రెండు లెక్కల్లో చిన్న అంకెనే తీసుకోండి

నేను చెడగొట్టుకున్న ఆ టబ్బునే లెక్క వేద్దాం. పొడవు 60, వెడల్పు 40, నీటి లోతు 20 సెం.మీ. గుణించి భాగిస్తే 48 లీటర్లు. సన్నబడే అడుగు తీసేస్తే సుమారు 42.

నీళ్ల లెక్క: లెట్యూస్‌కు 4 లీటర్ల చొప్పున 10 మొక్కలు.

మూత లెక్క: 20 సెం.మీ. ఎడంతో చదరంగా పెడితే మూడు చొప్పున రెండు వరుసలు, అంటే 6. ముక్కోణంగా మార్చి 3, 2, 3 వరుసల్లో పెడితే 8. అంచు రంధ్రాల ఆకులు టబ్బు బయటికి వాలుతాయి కాబట్టి ఇది కుదురుతుంది. ముక్కోణపు అమరికలో వరుసల మధ్య దూరం 17 సెం.మీ. కొంచెం పైగా వస్తుంది, మొక్కకూ మొక్కకూ మధ్య మాత్రం 20 అలాగే ఉంటుంది.

10, 8 లో చిన్నది 8. నేను పెట్టింది 15.

అదే టబ్బులో కొత్తిమీర అయితే? నీళ్ల లెక్కకు 42 గుబుర్లు, మూత లెక్కకు 10 సెం.మీ. చొప్పున 24. కాబట్టి 24. మిరప అయితే నీళ్లకు మూడు, ఎడానికి రెండే. టబ్బు రెండు చివర్లా ఒక్కోటి పెట్టండి.

గుండ్రటి 20 లీటర్ల బకెట్, మూత అడ్డం 30 సెం.మీ. అయితే మూడు లెట్యూస్‌లు ముక్కోణంగా పడతాయి, లేదా నడిమధ్య ఒక్క టమాటా.

6. డాబా బరువు

ఇది చాలామంది అడగరు, అడగాల్సింది ఇదే. లీటరు నీరు కిలో బరువు. చదరపు మీటరు మేర 15 సెం.మీ. లోతు నీళ్లుంటే 150 కిలోలు. మనుషులు తిరిగే చదును పైకప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకునే భారం కూడా చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోలే. అందులోనే మీరూ ఉన్నారు, మిగతా సామానూ ఉంది.

పైన చెప్పిన టబ్బు నిండితే 42 కిలోలు. అది ఆక్రమించే చోటు చదరపు మీటరులో నాలుగో వంతు. ఇలాంటివి ఆనించి ఆనించి డాబా నడిమధ్య పరచకండి. దూలాలు, గోడలు ఉన్న దారి వెంట, పిట్టగోడ వారగా, మధ్యలో నడిచే చోటు వదులుతూ పెట్టండి. ఇల్లు పాతదైనా, స్లాబు పెచ్చులూడుతున్నా, ముందు ఇంజనీరును పిలిచి చూపించండి. ఈ విషయంలో నా మాట కూడా నమ్మొద్దు.

7. ఏ డబ్బా కొనాలి

డబ్బా అడుగున ముక్కోణం గుర్తులో 2 లేదా 5 అంకె ఉన్నవి తీసుకోండి. టిఫిన్ సెంటర్లలో ఖాళీ అయ్యే 15 లీటర్ల ప్లాస్టిక్ నూనె క్యాన్లు చవక. గిన్నెల సబ్బుతో వేడినీళ్లలో జిడ్డు పూర్తిగా పోయేదాకా కడగాలి. పురుగుమందు, యాసిడ్ పట్టిన డబ్బాలు ఎంత కడిగినా వద్దు. రేకు డబ్బాలు కూడా వద్దు, పోషక ద్రావణానికి తుప్పు పడతాయి.

డబ్బాను ఎండకు ఎదురుగా ఎత్తి చూడండి. లోపలికి వెలుతురు కనిపిస్తే రెండు వారాల్లో పచ్చని నాచు ఖాయం. బయట ముందు నల్ల రంగు, అది ఆరాక దాని మీద తెల్ల రంగు వేయండి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు వేడిని తిప్పికొడుతుంది. నలుపు ఒక్కటే వేసి ఎండలో పెడితే నీళ్లు కాగుతాయి.

దోమల సంగతి మరవకండి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వాడని రంధ్రాలు మూసేయండి, నీళ్లు పోసే రంధ్రానికి దోమతెర ముక్క కట్టండి.

8. రంధ్రాలు కొట్టడం

☐ ముందు నెట్ పాట్ కొనండి, తర్వాతే రంధ్రం కొలత. 2 అంగుళాల పాట్ అని అమ్మేవన్నీ ఒకే సైజులో ఉండవు.
☐ పాట్ అంచు కింది భాగం అడ్డం కొలిచి, అంచు జారిపోకుండా ఆగే కొలత తీసుకోండి.
☐ అట్టముక్క మీద ఒక రంధ్రం చేసి సరిచూడండి.
☐ మూత మీద స్కేలుతో మధ్య బిందువులు గుర్తు పెట్టండి. ఖాళీ నెట్ పాట్లు వాటి మీద పెట్టి ఒకసారి దూరం నుంచి చూడండి.
☐ ఆకుకూరలకు 2 అంగుళాల పాట్, కాయకూరలకు 3 అంగుళాలు లేదా పైన.
☐ నీళ్లు పోయడానికి, కొలవడానికి మూలలో అదనంగా ఒక రంధ్రం.

9. పైపుల్లో పెంచేవాళ్లకు

110 మి.మీ. పైపు సగం నిండితే మీటరుకు సుమారు 4 లీటర్లే పడతాయి. 20 సెం.మీ. ఎడంతో మీటరుకు 5 లెట్యూస్‌లు, అంటే మొక్కకు లీటరు కూడా లేదు. మిగతాదంతా ట్యాంకు మోయాలి. 40 ఆకుకూర మొక్కలకు 80 నుంచి 100 లీటర్ల ట్యాంకు పెట్టుకోండి. 20 లీటర్ల బకెట్‌తో నడిపితే ఎండాకాలంలో పూటపూటకూ నింపుతూ ఉండాలి.

పైపు వాలు మీటరుకు 1 నుంచి 2.5 సెం.మీ. చాలు. కరెంటు పోయే ఊళ్లలో పైపు చివర చిన్న అడ్డు కట్టి 3 సెం.మీ. నీళ్లు నిలిచేలా చేయండి. అడ్డు ఉన్నప్పుడు వాలు ఎక్కువైతే పై మొక్కలకు ఆ నీళ్లు అందవు, కాబట్టి దాదాపు మట్టంగా బిగించండి. ఒకదాని మీద ఒకటిగా వరుసలు కడితే మధ్యలో 25 నుంచి 30 సెం.మీ. ఎత్తు వదలండి. పైపుల్లో పుదీనా, టమాటా వద్దు, వేళ్లు పైపును పూడ్చేస్తాయి.

10. చోటు ఆదా చేసే రెండంచెల పద్ధతి

మొదటి మూడు వారాలు లెట్యూస్ నారుకు 20 సెం.మీ. అక్కర్లేదు. చిన్న ట్రేలో 5 సెం.మీ. ఎడంతో పెంచండి. పక్క మొక్క ఆకు తగలడం మొదలయ్యాక పెద్ద టబ్బులోకి మార్చండి. నెట్ పాట్‌తో సహా ఎత్తి పెట్టడమే కాబట్టి వేరు తెగదు. పెద్ద టబ్బు మొక్కకు మూడు నాలుగు వారాలే కేటాయించాలి, ఈలోగా ట్రేలో తర్వాతి విడత తయారవుతుంది. టబ్బులో మొక్కలు ఇరికించకుండా దిగుబడి పెంచుకునే దారి నాకు తెలిసి ఇదే.

మార్చిన రోజున నీటి మట్టం నెట్ పాట్ అడుగు 1 సెం.మీ. మునిగేలా ఉండాలి, వేళ్లు ఇప్పటికే పొడుగు సాగి ఉంటే పాట్‌కు కాస్త కింద ఉన్నా చాలు.

11. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

*మొక్కలు సన్నగా సాగుతున్నాయి.* ఒత్తు ఎక్కువైంది. ఒకటి విడిచి ఒకటి తీసి ఇంట్లో వండేయండి, ఖాళీ రంధ్రాలు మూయండి. మిగిలినవి వారం పది రోజుల్లో పుంజుకుంటాయి. పీకడానికి మనసొప్పదు, నాకూ ఒప్పదు. ఆలస్యం చేస్తే రెండూ పోతాయి.

*నీళ్లు తగ్గాయని అంచు దాకా నింపాక మొక్క వాడింది.* గాలి పీల్చే వేళ్లు మునిగాయి. వెంటనే సగం దాకా నీళ్లు తోడేయండి. ఇక మీద ఎప్పుడు పోసినా వేళ్లలో కింది సగం మాత్రమే తడిచేలా పోయండి.

*మధ్యాహ్నం వాడి సాయంత్రం తేరుకుంటోంది.* నీరు వేడెక్కుతోంది. డబ్బాకు నీడ కల్పించండి, పైన 50 శాతం షేడ్ నెట్ కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో లెట్యూస్‌తో పోరాడకుండా తోటకూర, బచ్చలి, గోంగూర వేసుకోండి.

*టమాటా కాయ అడుగు నల్లబడుతోంది.* కాల్షియం అందడం లేదు. చాలాసార్లు మందు కొరత కాదు, బకెట్ చిన్నదై నీళ్లు ఒకరోజు ఎండి ఒకరోజు నిండటం వల్ల వస్తుంది. పెద్ద బకెట్‌కు మార్చండి, లేదా పక్కన ఇంకో బకెట్ పెట్టి అడుగున గొట్టంతో కలపండి. రెండింట్లో నీటి మట్టం ఒకటే ఉంటుంది, మొక్కకు రెట్టింపు నీళ్లు దొరుకుతాయి.

*డబ్బా పెద్దదే, అయినా ఆకు అంచులు మాడుతున్నాయి.* బోరు నీళ్లు వాడుతున్నారేమో చూడండి. మందు కలపకముందే నీళ్ల ఈసీ కొలవండి. అప్పటికే 0.8 దాటి ఉంటే, పోసిన ప్రతిసారీ ఉప్పులు పేరుకుంటూ పోతాయి. వాననీళ్లు సగం కలపండి, కుదరకపోతే రెండు వారాలకోసారి ద్రావణం మొత్తం మార్చండి.

*వేళ్లు గోధుమరంగులోకి మారి జిగటగా, వాసన వస్తున్నాయి.* వేరుకుళ్లు. ఆ మొక్కను తీసేయండి. ఒకే టబ్బులో ఎనిమిది మొక్కలుంటే ఎనిమిదింటికీ నీరు ఒకటే కాబట్టి మిగతావాటి వేళ్లు కూడా ఎత్తి చూడాలి. తెల్లగా ఉన్నవాటిని శుభ్రమైన డబ్బాలో కొత్త ద్రావణంలోకి మార్చి, పాత టబ్బును బ్లీచింగ్ నీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో బోర్లించండి. నేను ఇప్పుడు 42 లీటర్ల టబ్బుల కంటే పెద్దవి కొనకపోవడానికి కారణం ఇదే: ఒకటి పోయినా పక్కది ఉంటుంది.